డీఎన్‌ఏ పరీక్షలో 23 శాతం ఆగ్నేయాసియా అని వచ్చింది, నాన్నని అడగాలా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో క్లుప్తంగా పెడతాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. మీకు ముప్ఫై దాటాయి, మధురవాడలో ఉంటున్నారు. సరదాకి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే 23 శాతం ఆగ్నేయాసియా అని వచ్చింది. మీ నాన్నగారు 1955లో రంగూన్‌లో పుట్టి, 1965లో పదేళ్ళ పిల్లాడిగా ఇక్కడికొచ్చి, కంచరపాలెం బర్మా క్యాంపులో పెరిగారు. నాన్నమ్మ గురించి ఇంట్లో చెప్పేది ఒక్కటే మాట: "సిక్కోలు నుంచి రంగం వెళ్ళి స్థిరపడినవాళ్ళ అమ్మాయి." రంగం అంటే రంగూనే. కానీ ఆవిడ తెలుగు చివరిదాకా అదోలా ఉండేదని మీకు చిన్నప్పటి జ్ఞాపకం. పరీక్ష చేసిన సైటులో ఆస్ట్రేలియాలో ఉంటున్న, బర్మా పేరున్న ఒకరితో మీకు 410 సెంటిమోర్గాన్లు (ఇద్దరికీ డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలిశాయి. పరీక్ష తప్పా? నాన్నని అడగాలా? చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు, కుల ధ్రువపత్రానికీ ఆస్తికీ ఏమైనా ఇబ్బందా? అసలు మేం ఎవరం? ఇవీ మీ ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబులు. పరీక్ష తప్పయ్యే అవకాశం చాలా తక్కువ. మీ నాన్నమ్మ పుట్టుకతో బర్మా ఆవిడ అయి ఉండాలి. కుల ధ్రువపత్రం, ఆస్తి, పౌరసత్వం వీటిలో దేనికీ ఈ కాగితం వల్ల ఏమీ కాదు. నాన్నగారిని అడగండి, అయితే మీరొక్కరే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. అప్పటిదాకా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం పెట్టకండి, ఆస్ట్రేలియా మనిషికి కూడా రాయకండి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. నేను విశాఖలో సివిల్ కేసులు చూసే వకీలుని. భాగపంపకాల దావాలు, వారసత్వ పత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ల తగాదాలు, వీటి పుణ్యమాని బర్మా నుంచి వచ్చిన కుటుంబాల వంశవృక్షాలు చాలా గీశాను. ఈ ఇళ్ళల్లో దాచిపెట్టినది చాలావరకు నాన్నమ్మది ఏ దేశం అన్నది కాదు, తాతగారికి ఎన్ని పెళ్ళిళ్ళు అన్నది. ఎవరిని ముందు చేసుకున్నారు, ఎవరిని ఎక్కడ వదిలొచ్చారు అన్నదే అసలు గుట్టు. బర్మా మామ్మ సంగతి దాని వెనకాల అదే మరుగున పడిపోతుంది. కాబట్టి మీరు తీగ లాగేముందు డొంక ఎక్కడిదాకా ఉందో ఒక అంచనా ఉండాలి.

ముందు అంకెల సంగతి. నాన్న నుంచి మనకి సగం వస్తుంది. ఆ సగంలో తాత వాటా ఎంత, నాన్నమ్మ వాటా ఎంత అన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. సగటున తలా 25 శాతం అంటారు, నిజానికి ఒకరి నుంచి 18, ఇంకొకరి నుంచి 32 కూడా రావచ్చు. మీకు 23 వచ్చింది, అంటే నలుగురు తాతామామ్మల్లో ఒకరు పూర్తిగా అక్కడివారు అనుకుంటే లెక్క చక్కగా సరిపోతుంది. ఇద్దరు సగం సగం అయినా ఇదే అంకె వస్తుంది గానీ, మీ అమ్మగారి వైపు బర్మా వాసనే లేదంటున్నారు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మీ నాన్నగారు పరీక్ష చేయించుకుంటే ఆయనకి 50కి అటూ ఇటూ రావాలి, అప్పుడిక సందేహమే ఉండదు. ఫలితంలో బర్మా అనే పేరు కనపడలేదని, థాయ్ అనీ చైనా అనీ వియత్నాం అనీ ముక్కలుగా వచ్చిందనీ రాశారు. కంపెనీ దగ్గర బర్మా నమూనాలు తక్కువుంటే ఇరుగుపొరుగు దేశాల పేర్లు అంటగడుతుంది. దాన్ని పట్టించుకోకండి.

అయితే ఈ 23 అనే అంకె 3 గానో 4 గానో ఉండి ఉంటే నేను ఇంత ధీమాగా చెప్పేవాడిని కాదు. మన ఉత్తరాంధ్ర కొండల్లో సవరలు, గదబలు ఉన్నారు. సవరల భాష, గదబల్లో కొందరి భాష ముండా కుటుంబానివి, ఆ కుటుంబపు చుట్టాలు కంబోడియా, వియత్నాం దాకా ఉన్నాయి. వేల ఏళ్ళ కిందట తూర్పు నుంచి వచ్చిన ఆ జనం ఆనవాళ్ళు కొండ మీదా కింద మైదానంలోనూ చాలామంది రక్తంలో కొద్దికొద్దిగా ఉన్నాయి. పార్వతీపురం వైపు కుర్రాడొకడు 4 శాతం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. వాళ్ళ ముత్తాత ఒకసారి రంగం వెళ్ళొచ్చాడట, అంతే, బర్మా ముత్తవ్వని సొంతంగా తయారుచేసుకున్నాడు, ఆవిడకో పేరు కూడా పెట్టేశాడు. ముత్తాత తిరిగొచ్చాక పదేళ్ళకి పుట్టినవాడు వాళ్ళ తాత! ముక్కల పొడవు చూస్తే తేడా తెలిసిపోతుంది: పాత కాలపువి చిన్న చిన్న తునకలుగా క్రోమోజోముల నిండా చల్లినట్టు ఉంటాయి, రెండు తరాల కిందటివి పొడవాటి పట్టీలుగా ఉంటాయి. మీరు పెట్టిన బొమ్మలో పట్టీలే ఉన్నాయి.

ఇంకొకటి, మీకు వచ్చిన మైటోకాండ్రియా ఫలితాన్ని, వై క్రోమోజోము ఫలితాన్ని చూసి కంగారు పడకండి. మొదటిది మీ అమ్మగారి తల్లి వైపుది, రెండోది మీ తాతగారి తండ్రి వైపుది. నాన్నమ్మ దగ్గరికి ఆ రెండు దార్లూ వెళ్ళవు. ఆవిడ మైటోకాండ్రియా మీ నాన్నగారి దగ్గర, మీ మేనత్తల దగ్గర, ఆ మేనత్తల పిల్లల దగ్గర ఉంటుంది, మీ దగ్గర లేదు.

రంగం కథ కొంచెం తెలిస్తే తప్ప మీ ఇంటి కథ అర్థం కాదు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు నేరుగా రంగూన్ వెళ్ళేవి. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే, పాస్‌పోర్టు అక్కర్లేదు, డెక్ టిక్కెట్టు ఉంటే చాలు. మేస్త్రీలు ఊళ్ళమీద పడి అడ్వాన్సులిచ్చి మనుషుల్ని పట్టుకెళ్ళేవారు, రేవులో మూటలు మోయడానికి, ధాన్యం మిల్లుల్లోకి, రిక్షాలు లాగడానికి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరం జనం దాదాపు 4 లక్షలైతే అందులో సగానికి పైగా మన దేశం వాళ్ళే. మొత్తం బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే అధికం. ఊళ్ళో పెళ్ళాం, రంగంలో ఇంకో సంసారం అన్నది ఆ రోజుల్లో వింత కాదు.

అక్కడ వాళ్ళకి ఇది కోపం తెప్పించింది. 1930 మే నెలలో మన తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరాక వీళ్ళని తీసేసేసరికి మొదలైన గొడవ పెద్ద అల్లర్లయింది, చాలామంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. 1938లో మళ్ళీ అల్లర్లు. బర్మా ఆడపిల్లలు పరాయి దేశం మగవాళ్ళని చేసుకుని హక్కులు పోగొట్టుకుంటున్నారని 1939లో బౌద్ధ మహిళల వివాహ, వారసత్వ చట్టం ప్రత్యేకంగా తెచ్చారు. నలుగురైదుగురు ఇళ్ళల్లో జరిగే పెళ్ళిళ్ళకి ఎవరూ చట్టం చెయ్యరు కదా.

1941 డిసెంబరు 23న జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. మార్చి 8కి నగరం పడిపోయింది. అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, తము మీదుగా ఇంఫాల్‌కి లక్షల మంది కాలినడకన వచ్చారు, దారిలో కలరాతో, ఆకలితో వేలమంది పోయారు. బర్మా భార్య, చంటిపిల్లలు ఉన్నవాడు ఏం చేశాడు? ఇద్దరూ నడిచొచ్చారా, అతనొక్కడే వచ్చాడా, అసలు కదలకుండా అక్కడే ఉండిపోయాడా? మీ తాతగారు 1942 నుంచి 1946 దాకా ఎక్కడున్నారు అన్నది మీరు తెలుసుకోవాల్సిన మొదటి విషయం. ఎందుకంటే ఒంటరిగా ఊరొచ్చిన మగాణ్ణి ఊరు ఊరికే వదల్లేదు, ఏ అక్క కూతుర్నో ఇచ్చి పెళ్ళి చేసేసింది. యుద్ధం ముగిశాక వాళ్ళలో కొందరు మళ్ళీ రంగం వెళ్ళారు. మీ నాన్నగారు 1955లో అక్కడ పుట్టారంటే తాతగారు అక్కడే ఉండిపోయారనైనా అనుకోవాలి, తిరిగి వెళ్ళారనైనా అనుకోవాలి. రెండోదే అయితే ఇక్కడ ఊళ్ళో ఇంకో నాన్నమ్మ ఉండి ఉండవచ్చు.

ఆ తర్వాతది మీ నాన్నగారి కళ్ళముందు జరిగిందే. 1962 మార్చిలో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, మే 17న 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. దాచుకున్నది చిత్తు కాగితమయ్యాక లక్షల మంది ఓడలెక్కారు. మన దగ్గరికి వచ్చినవాళ్ళకి ప్రభుత్వం ఇళ్ళ స్థలాలు, చిన్న వ్యాపారాలకి రుణాలు ఇచ్చింది. అలా ఏర్పడ్డ పేటల్లో మీ నాన్నగారు పెరిగింది ఒకటి.

క్యాంపులో ఎవరూ ఏదీ దాచుకోలేదు, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. కొబ్బరిపాలలో నూడుల్స్ ఎవరింట్లో బాగుంటుందో, ఏ ఇల్లాలు బర్మా మనిషో పక్కింటివాళ్ళకి తెలుసు. పొద్దున్నే మొహానికి తనాకా అనే చెట్టు బెరడు గంధం రాసుకుని కుళాయి దగ్గర నిలబడ్డవాళ్ళని దాచేదెలా? నప్పి అనే పులియబెట్టిన చేపల ముద్ద వాసనకి ఇరుగుపొరుగు గోల చేశారని కొందరు రాస్తుంటారు, ఎండు చేపలు ఇంటింటా ఉండే పేటలో నప్పి ఒక లెక్కా. దాపరికం మొదలైంది తర్వాత, పిల్లలకి పెళ్ళీడు వచ్చాక, క్యాంపు బయట సంబంధాలు చూడాల్సి వచ్చినప్పుడు. "మీ అమ్మ ఎవరింటి ఆడపడుచు?" అన్న ప్రశ్నకి ఓ ఇంటిపేరు కావాలి. అప్పుడు పుట్టింది సిక్కోలు కథ. మీ ఇంట్లోనే కాదు, నేను చూసిన చాలా ఇళ్ళల్లో ఇదే కథ, ఊరు పేరు ఒక్కటే మారుతుంది.

దీన్ని బట్టి మీకు ఒకటి తెలియాలి. మీ నాన్నగారికి పదేళ్ళు వచ్చేదాకా అక్కడున్నారు. కన్నతల్లి ఏ భాషలో మాట్లాడేదో పదేళ్ళవాడికి తెలీకుండా ఉండదు. అంటే గుట్టు ఆయన నుంచి దాచింది కాదు, ఆయన కాపలా కాస్తున్నది. ఎవరి కోసం? చాలాసార్లు అక్కచెల్లెళ్ళ కోసం. నాకు తెలిసిన ఒక అమ్మాయి, మీలాగే పరీక్ష చేయించుకుని, ఫలితం ఫోటో తీసి "చూశారా మనం బర్మావాళ్ళం!" అని నవ్వు బొమ్మలతో గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో వాళ్ళ మేనత్త కోడలు ఉంది, కోడలి ద్వారా వియ్యాలవారికి తెలిసింది. 1970ల్లో మేనత్త పెళ్ళి కుదిరింది "తల్లిది బొబ్బిలి" అన్న మాట మీద. పెళ్ళయ్యి యాభై ఏళ్ళు, భర్త పోయాడు, ఇప్పుడెవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు. అయినా ఆవిడ బాధ వేరు. "నా తల్లి సంగతి నా నోటితో నా కోడలికి చెప్పుకునే పాటి కూడా లేదా నాకు? నన్నడిగావా ఏటి?" అంది. ఆ అమ్మాయి పెళ్ళికి ఆవిడ రాలేదు.

అందుకే అడిగే పద్ధతి ముఖ్యం. శాతాలతో మొదలుపెట్టకండి, ఫోను చూపించి అసలు మొదలుపెట్టకండి. కోర్టులో సాక్షిని అడిగినట్టు "నాన్నమ్మ బర్మాదా కాదా" అంటే "కాదు" అంటారు, ఒకసారి అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం పెద్దాయనకి కష్టం. ఆయన జీవితం గురించి అడగండి. రంగంలో మీ వీధి ఎలా ఉండేది? ఓడలో ఏం పెట్టారు? నాన్నమ్మ ఏం వండేది? ఇంకొకటి, నా అనుభవంలో బాగా పనిచేసేది: "నాన్నా, నువ్వు అల్లరి చేస్తే నాన్నమ్మ ఏ భాషలో తిట్టేది?" దీనికి అబద్ధం చెప్పడానికి ఎవరికీ మనసొప్పదు. ఒకాయన నా ఆఫీసులో ఈ ప్రశ్నకి వెంటనే బర్మాలో నాలుగు తిట్లు ఒకదాని వెంట ఒకటి అప్పజెప్పి, పక్కనున్న కొడుకుని చూసి ఆగిపోయాడు. కొడుక్కి నలభై ఏళ్ళు, తండ్రి నోట ఆ భాష వినడం అదే మొదటిసారి.

ఆయన తనంతట తాను చెప్తే, అప్పుడు పరీక్ష సంగతి చెప్పండి. "ఇంకెవరికి చెప్పొచ్చు?" అని ఆయన్నే అడగండి. చెప్పకపోతే ఆ రోజుకి వదిలేయండి, వారం ఆగి మళ్ళీ ఇంకో కబురు అడగండి. నేనైతే ఆయనకి తెలీకుండా ఆయన ఉమ్మి గ్లాసో దువ్వెనో పంపి పరీక్ష చేయించడాన్ని గట్టిగా వద్దంటాను.

కాగితాలు. ఆయనతో మాట్లాడేలోపు ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే చూడండి. తాతగారిది బర్మా ప్రభుత్వం ఇచ్చిన విదేశీయుల నమోదు కార్డు అయి, నాన్నమ్మది అక్కడి పౌరులకిచ్చే జాతీయ నమోదు కార్డు అయితే అది బలమైన గుర్తు. పూర్తి రుజువు మాత్రం కాదు, అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళకీ అది ఉండేది. భారత రాయబార కార్యాలయం ఇచ్చిన ప్రయాణ పత్రాలు, కలెక్టరేట్ ఇచ్చిన శరణార్థి ధ్రువపత్రం, రుణం కాగితాలు, ఇళ్ళ స్థలం పట్టా, నాన్నగారి పదో తరగతి సర్టిఫికెట్టు కూడా వెతకండి. ఒక కేసులో నా బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ప్రయాణ పత్రం మీద ఫోటోలో ఒకావిడ, జుట్టు నెత్తి మీదకి ఎత్తి ముడేసి, పక్కన తెల్ల పువ్వు, మెడ దాకా గుండీలున్న సన్నని రవిక. కింద "మా" అని మొదలయ్యే పేరు. ఏడాది తిరక్కుండా తీసిన రెండో కాగితంలో అదే మనిషి, పాపిట మధ్యకి తీసి, రూపాయి కాసంత బొట్టు, పేరు లక్ష్మి, తండ్రి పేరు దగ్గర మామగారి ఊరివాడెవరిదో పేరు. మొహం ఒక్కటే మారలేదు.

బర్మా పేర్లలో మనకిలా ఇంటిపేరు ఉండదు. "మా", "డా" అన్నవి ఆడవాళ్ళ పేరుకి ముందు గౌరవంగా పెట్టేవి. అందుకని ఇంటిపేరు పెట్టి వెతికితే ఏమీ దొరకదు. పుట్టిన వారాన్ని బట్టి పేరులో మొదటి అక్షరం పెట్టే ఆచారం మాత్రం ఉంది, సోమవారం పుడితే క, ఖ, గ, గురువారమైతే ప, బ, మ, ఇలా. నాన్నమ్మ అసలు పేరు తెలిస్తే, ఆవిడ పుట్టిన తేదీ తెలీకపోయినా వారం తెలియొచ్చు. ప్రభుత్వ ఫైళ్ళు కావాలంటే ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం వాళ్ళ అభిలేఖ్ పటల్ సైటులో బర్మా భారతీయుల ఫైళ్ళు వెతకొచ్చు. పేరు పేరునా జాబితాలు దొరుకుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు ఆ 410 సంగతి, నాకు ఇదే అసలు విషయం అనిపిస్తోంది. సొంత మేనత్త, బాబాయిల పిల్లలైతే 850 ప్రాంతంలో కలుస్తుంది. 410 అంటే దానికి సగం. దీనికి మూడు రకాల చుట్టరికాలు సరిపోతాయి. ఒకటి, నాన్నమ్మ తోబుట్టువు బిడ్డ, అంటే మీ నాన్నగారికి మేనమామ కొడుకో పెద్దమ్మ కూతురో. రెండు, మీ తాతగారికి అక్కడ ఇంకో భార్య వల్ల పుట్టిన బిడ్డకి బిడ్డ. మూడు, నాన్నమ్మకి అంతకుముందు పెళ్ళై ఉంటే ఆ సంతానానికి బిడ్డ. ఎలా తేల్చాలి? ఆ మనిషి వయసు చూడండి, అరవై డెబ్బై అయితే మొదటిది. మీ ఈడువాళ్ళయితే రెండో మూడో. ఆ మనిషి ఫలితంలో ఇండియా వాటా ఎంతుందో చూడండి. పాతిక శాతం దగ్గరుంటే తాతగారి వైపు, అసలు లేకపోతే నాన్నమ్మ వైపు. మీ ఇద్దరికీ కలిసిన ముక్కలు మీ బొమ్మలో ఆగ్నేయాసియా రంగులో పడ్డాయా, ఇండియా రంగులో పడ్డాయా అని కూడా చూడండి. సైటు చూపిస్తే అయిదు నిమిషాల పని.

రెండోది అని తేలితే మీరు ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి, ఎందుకంటే అవతల ఇంట్లో కూడా ఎవరో ఒకరు దీన్ని దాచి ఉంటారు. వదిలిపెట్టి వెళ్ళిపోయిన తాత ఫోటో ఏ అలమరలో ఉందో మనకేం తెలుసు.

ఆస్తి, కులం, చట్టం. కుల ధ్రువపత్రం రికార్డుల మీద, తహసీల్దారు విచారణ మీద ఇస్తారు, డీఎన్‌ఏ శాతం మీద కాదు. మీ ఇంట్లో తండ్రి కులమే వస్తోంది, మీ తాతగారి కులం ఏదో అదే మీది. ఆస్తి విషయంలో చాలామందికి ఉన్న భయం "ఆ పెళ్ళి చెల్లదేమో" అని. మన జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1949లో మద్రాసు ద్విభార్యా నిషేధ చట్టం వచ్చేదాకా హిందూ మగవాడు ఇద్దర్ని చేసుకోవడం ఇక్కడ నేరం కాదు. ఒకవేళ తర్వాత జరిగిన పెళ్ళి చెల్లకపోయినా, హిందూ వివాహ చట్టం 16వ సెక్షను కింద పిల్లలు సక్రమ సంతానమే, తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్ళకి వాటా ఉంది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకాస్త విప్పి, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో కూడా అలాంటి పిల్లలకి భాగముంటుందని చెప్పింది. మీ నాన్నమ్మ బౌద్ధురాలైనా తేడా లేదు, మన వారసత్వ చట్టం బౌద్ధులకీ వర్తిస్తుంది.

కంచరపాలెంలోనే ఒక ఇంటి దావా. తాత 1942లో నడిచొచ్చాడు, టెక్కలి వైపు ఊళ్ళో అక్క కూతుర్నిచ్చి చేశారు, ఒక ఆడపిల్ల పుట్టింది. 1947లో మళ్ళీ రంగం వెళ్ళాడు. అక్కడ బర్మా భార్య ఆయన కోసం కాచుక్కూర్చుంది. 1965లో ఆవిణ్ణీ ముగ్గురు పిల్లల్నీ తీసుకొచ్చాడు. ఆయన పోయాక ఇల్లు అమ్మితే, టెక్కలి కూతురి పిల్లలు దావా వేశారు. దావా కాగితాల్లో ఎక్కడా, ఏ ఒక్క పేజీలోనూ, బర్మా ఆవిడ బర్మాది అన్న గొడవే లేదు. రెండు వైపులకీ అది తెలుసు, ఎవరికీ పట్టలేదు. పట్టిందల్లా ఊళ్ళో ఉన్నావిడని ఇరవై ఏళ్ళు "దూరపు చుట్టం" అని పిల్లలకి చెప్పుకురావడం. లోక్ అదాలత్‌లో వాటా తేల్చుకుని రాజీ పడ్డారు. మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఉందని నేననడం లేదు, ఉంటే ఆశ్చర్యపోకండి అంటున్నాను.

చెల్లెలి పెళ్ళి. అవతలి వాళ్ళకి చెప్పాలా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. ముందు నాన్నగారి తర్వాత తెలియాల్సింది మీ చెల్లెలికి, అవతలి వాళ్ళకి ఏం చెప్పాలో ఆవిడ ఇష్టం. కొత్తగా అబద్ధం మాత్రం ఎవరూ అల్లవద్దు. "సిక్కోలు ఆవిడ" అన్న మాట ఇక మీ నోటి నుంచి రాకపోతే చాలు.

అయితే పెళ్ళికి ముందు ఒక పరీక్ష మాత్రం చేయించండి, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బర్మా, థాయ్‌లాండ్ వైపు హిమోగ్లోబిన్ ఈ అనే లక్షణం చాలామందిలో ఉంటుంది. అది ఒక్కటే ఉంటే మనిషికి ఏమీ కాదు, జీవితాంతం తెలియనే తెలియదు. మన వైపు బీటా తలసేమియా లక్షణం ఉన్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకీ పైకి ఏమీ ఉండదు. ఈ రెండు లక్షణాలున్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు, బిడ్డకి తీవ్రమైన రక్తహీనత వచ్చే అవకాశం ఉంది. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షలో ఇది తేలిపోతుంది, పెద్ద ల్యాబుల్లో చేస్తారు. మీరూ చేయించుకోండి, చెల్లెలికీ చేయించండి. ఉన్నట్టు తేలితే కాబోయేవాళ్ళకి కూడా అదే పరీక్ష చేయించి డాక్టరుతో మాట్లాడాలి. మీకు డీఎన్‌ఏ కాగితం వల్ల నిజంగా పనికొచ్చే విషయం ఏదైనా ఉందంటే నాకు ఇదే కనపడుతోంది.

"మేం ఎవరం" అన్నారు. నిన్నటిదాకా ఎవరో ఈ రోజూ వాళ్ళే, తెలుగువాళ్ళు, కంచరపాలెం వాళ్ళు, ఇప్పుడు దానికి రంగూన్‌లో ఒక అమ్మమ్మగారిల్లు కలిసింది, అదీ మీ నాన్నగారికి. మీకు బర్మావాళ్ళమని చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోండి, అనిపించకపోతే మానేయండి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు రంగూన్ వెళ్ళి మామ్మ పుట్టిన వీధి వెతుక్కున్నాడు, రెండోవాడు ఆ ఫోటోలు కూడా చూడనన్నాడు. ఇద్దరిదీ ఒకే రక్తం మరి.

చివరగా, సైటు సెట్టింగుల్లోకి వెళ్ళి, మీ పేరు అందరికీ కనపడేలా ఉంటే పొడి అక్షరాలకి మార్చండి. ముడి డేటా ఇంకే సైటుకీ ఎక్కించకండి. 2023లో ట్వెంటీత్రీ అండ్ మీ అనే పెద్ద కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. మీ డేటా అంటే మీ ఒక్కరిదే కాదు, గ్రూపులో ఉన్న మేనత్తలందరిదీను.

నాన్నగారితో మాట్లాడాక, ఆయన సరే అంటేనే ఆస్ట్రేలియా మనిషికి రాయండి. మొదటి ఉత్తరంలో బంధుత్వం ఏదీ అనకండి. "మా నాన్నగారు 1955లో రంగూన్‌లో పుట్టారు, 1965లో ఇండియా వచ్చారు, మీ కుటుంబం ఏ ఊరిది?" అంటే చాలు. జవాబు వస్తే ఆ మనిషి వయసు, ఇండియా శాతం, కలిసిన ముక్కల రంగు, ఈ మూడే ఇక్కడ కింద రాయండి. పేర్లు మాత్రం పెట్టకండి.